మిరపాకు మీది మచ్చ ఎవరి పని?

“నాలుగు వానలు పడ్డాయి. వారం తిరక్కుండా మిరపాకుల మీద నల్లటి మచ్చలు తేలాయి. ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలండీ?”

మిరప పెంచేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడగక తప్పని ప్రశ్న ఇది. ఖమ్మంలో నాలుగెకరాలు వేసిన రైతూ అడుగుతాడు, హైదరాబాదు పాతబస్తీ వైపు కంచన్‌బాగ్‌లో మేడ మీద కుండీలు పెట్టుకున్న ఇల్లాలూ అడుగుతుంది. కంచన్‌బాగ్ అంటే చాలామందికి గుర్తొచ్చేవి క్షిపణులు, మిశ్రలోహాలు. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని అన్నీ ఆ చుట్టుపక్కలే. ఆ పెద్ద ప్రహరీల అవతల మాత్రం మామూలు ఇళ్లే. వాటి డాబాల మీద, పాత పెయింటు డబ్బాల్లో, పప్పులోకో సాలన్‌లోకో అప్పటికప్పుడు కోసుకోవడానికి రెండు పచ్చిమిర్చి మొక్కలుంటాయి. పొలమైనా పెయింటు డబ్బా అయినా తెగులుకు తేడా లేదు.

అయితే ఈ ప్రశ్నలో కాస్త తొందర ఉంది. ఏ మందు అని అడిగేటప్పటికే దోషి ఎవరో తేలిపోయినట్టు అనుకుంటున్నాం. నిజానికి తేలలేదు. మందుల దుకాణంలోనూ తేలదు. పురుగుకొకటి, బూజుకొకటి, “ఎందుకైనా మంచిది” అని యాంటీబయాటిక్ ఒకటి, మూడూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టమంటారు. ఏదో ఒకటి తగులుతుందన్న ఆశ తప్ప ఇందులో వైద్యం లేదు.

మిరపకు శత్రువులు తక్కువేం లేరు. పై ముడత తెచ్చే తామర పురుగులు, కింది ముడత తెచ్చే నల్లి, బొబ్బర తెచ్చే వైరస్‌లు, కొమ్మ ఎండు, కాయకుళ్లు, బూడిద తెగులు తెచ్చే రకరకాల బూజులు. 2021లో పువ్వుల్లో చేరిన కొత్త జాతి తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటలను ఎలా ఊడ్చేసిందో రైతులు మరిచిపోలేదు. ఇంతమంది మధ్య, కంటికి కనిపించని బాక్టీరియాను పట్టుకుని “ఇది నీ పనే” అని ఎలా చెబుతారు? ఈ అధ్యాయం దాని గురించే.

మచ్చను చూసి చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. బాక్టీరియా ఆకుమచ్చ తెగులులో మచ్చ మొదట ఆకు అడుగున, గుండుసూది తలకాయంత, నీళ్లలో నానినట్టు కనిపిస్తుంది. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే ఆ నానుడు స్పష్టంగా తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో అది గోధుమరంగుకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. ఒక్కోసారి చుట్టూ పసుపు అంచు కడుతుంది. మచ్చలు కలిసిపోయి ఆకు రాలుతుంది. కాయ మీదైతే పులిపిర్లలా గరుకుగా లేస్తుంది. సెర్కోస్పోరా అనే బూజు తెచ్చే మచ్చ వేరు. అది గుండ్రంగా ఉండి, నడుమ తెల్లగా బూడిదరంగులో, చుట్టూ ముదురు అంచుతో ఉంటుంది.

పుస్తకంలో బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలికే. తోటలో తేలిక కాదు. ముదిరిన మచ్చలన్నీ ఒకేలా ఉంటాయి. బాక్టీరియా చంపిన ఆకు ముక్క మీద తర్వాత బూజులు చేరతాయి. వాటిని చూసినవాడు బూజు తెగులు అనేస్తాడు. అంతకన్నా చిక్కేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న మిరపాకు మీద కూడా రకరకాల బాక్టీరియా నిత్యం కాపురం ఉంటాయి, ఏ హానీ చేయకుండా. మచ్చలో బాక్టీరియా కనబడినంత మాత్రాన అదే మచ్చను తెచ్చిందనడం, దొంగతనం జరిగిన వీధిలో ఉన్నాడు కాబట్టి వీడే దొంగ అనడంతో సమానం.

గ్లాసులో పాలధార

ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష ఉంది. అయితే అది ఆకుమచ్చకు కాదు, వడలు తెగులుకు. మొక్క పచ్చగా ఉండగానే తల వాల్చేస్తుంది, నీళ్లు పోసినా లేవదు. వేరుకుళ్లు బూజులు చేసినా, కుండీలో నీళ్లు నిలిచినా ఇలాగే వాలుతుంది. బాక్టీరియా పనైతే దోషి రాల్‌స్టోనియా సొలనాసియారమ్. మిరప, వంగ, టమాటా, ఆలు, అన్నింటినీ పడుతుంది.

మొదలు దగ్గర కాండం వేలెడంత ముక్క కోయండి. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొస నీటిలో మునిగేలా ముక్కను కదలకుండా పట్టి ఉంచండి. బాక్టీరియా ఉంటే అయిదారు నిమిషాల్లో ఆ కొస నుంచి తెల్లటి సన్నని పాలధార నీటిలోకి దిగుతుంది. కాండంలో నీరు ఎక్కే గొట్టాల్లో కోట్లాదిగా కిక్కిరిసిన బాక్టీరియా, వాటి జిగురుతో సహా, బయటికి కారుతున్నాయన్నమాట. మొక్క దాహంతో చచ్చిపోవడానికి కారణం అదే, గొట్టాలు పూడుకుపోయాయి. బూజు వల్ల వాడిన కాండం ఇలా ధార విడవదు.

ఆకుమచ్చకు ఇదే పరీక్షను చిన్న ఎత్తున సూక్ష్మదర్శిని కింద చేస్తారు. మచ్చ అంచున, పచ్చదనం ఇంకా మిగిలున్న చోట, చిన్న ముక్క కోసి నీటిబొట్టులో పెడతారు. కోసిన అంచు నుంచి మబ్బులా ఒక ప్రవాహం వెలువడితే, లోపల బాక్టీరియా దండుగా ఉన్నట్టే. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూఇటూ ఉండే కడ్డీ. విడిగా చూస్తే నలుసు, గుంపుగా కదిలితే మబ్బు.

దీంతో బాక్టీరియా అన్న అనుమానం గట్టిపడుతుంది. ఏ బాక్టీరియా? అదే కారణమా? ఈ రెండు ప్రశ్నలూ అలాగే ఉంటాయి.

తోడు పెట్టి తేల్చడం

పాలు పెరుగవడానికి కారణం తోడేనని మీరెలా నమ్మారు? చిన్నప్పటినుంచీ చూస్తున్నాం కాబట్టి అనకండి. కాసేపు ఎవరో ఒప్పుకోని మొండి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. “పాలు వాటంతటవే తోడుకుంటాయి, మీ చెంచాడు పెరుగు ఊరికే పక్కన ఉందంతే” అంటాడు. మీరేం చేస్తారు? ఒకే కుండలో కాచిన పాలను రెండు గిన్నెల్లో పోస్తారు. ఒకదానిలో చెంచాడు పెరుగు వేస్తారు. రెండోదానిలో చెంచాడు కాచి చల్లార్చిన నీళ్లు వేస్తారు. రెండింటికీ మూత పెట్టి ఒకే చోట ఉంచుతారు. తెల్లారేసరికి మొదటిది గడ్డకడుతుంది. రెండోది కట్టదు. అక్కడితో ఆగకుండా, ఆ కొత్త పెరుగులోంచి చెంచాడు తీసి ఇంకో గిన్నె పాలలో వేస్తారు. అదీ తోడుకుంటుంది. ఇక ఆ మొండి మనిషికి నోరు పెగలదు.

ఈ తర్కంలో రెండో గిన్నె చాలా ముఖ్యం. అది లేకపోతే మొదటి గిన్నెకు విలువ లేదు. పాలు ఎండకు విరిగిపోయాయో, గిన్నె సరిగా కడగలేదో ఎవరు చెప్పొచ్చారు?

జర్మనీలో రాబర్ట్ కోహ్ 1882లో క్షయ బాక్టీరియాను పట్టుకున్నప్పుడు నడిచింది ఈ దారిలోనే. రోగి దగ్గర క్రిమి కనిపించాలి, దాన్ని విడిగా, ఒంటరిగా పెంచాలి, ఆరోగ్యంగా ఉన్న జీవిలో పెడితే అదే రోగం రావాలి, అక్కడినుంచి మళ్లీ అదే క్రిమి దొరకాలి. మొక్కల విషయంలో ఈ మాట నెగ్గడానికి ఇంకా సమయం పట్టింది. అమెరికాలో థామస్ బరిల్ బేరి చెట్ల తెగులులో బాక్టీరియాను 1878లోనే చూశాడు. 1885లో జోసెఫ్ ఆర్థర్ దాన్ని విడిగా పెంచి, చెట్టుకెక్కించి రుజువు చేశాడు. అయినా యూరప్‌లో పెద్దలు ఒప్పుకోలేదు. మొక్కలకు బాక్టీరియా వల్ల రోగాలు రావని జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఫిషర్ 1897లో పుస్తకంలోనే రాశాడు. చచ్చిన కణాల మీద తర్వాత చేరినవే ఆ క్రిములు అన్నది ఆయన వాదం. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే ఎర్విన్ స్మిత్, అంటే మన గ్లాసు పరీక్షలోని వడలు తెగులు బాక్టీరియాను 1896లో వర్ణించినవాడు, ఆయనతో పత్రికల్లో ఏళ్ల తరబడి తగువు పడ్డాడు. స్మిత్ నెగ్గాడు. ఫిషర్‌ను ఎగతాళి చేయబుద్ధి కాదు నాకు. తర్వాత చేరిన క్రిమిని కారణం అనుకునే ప్రమాదం నిజంగానే ఉంది. ఆయన లాంటి మొండివాళ్లు ఉండబట్టే రుజువు ఇంత పకడ్బందీ అయింది.

మిరప విషయంలో ఈ పని ఇలా సాగుతుంది. మచ్చ పడిన ఆకును పలుచని బ్లీచింగ్ ద్రవంలో క్షణాల సేపు ముంచి, శుభ్రమైన నీళ్లలో కడుగుతారు. పై మీద కాపురమున్న బాక్టీరియా దాంతో చాలావరకు పోతుంది. లోపలిది మిగులుతుంది. మచ్చ అంచు ముక్కను నీటిబొట్టులో నలిపి, ఆ రసాన్ని అగార్ పళ్లెం మీద, అంటే బాక్టీరియాకు మేత కలిపి గడ్డకట్టించిన జెల్లీ మీద, సన్నని తీగతో గీస్తారు. గీత సాగేకొద్దీ బాక్టీరియా పలచబడి చివరికి ఒక్కొక్కటి విడిగా పడుతుంది. సుమారు 28 డిగ్రీల వెచ్చదనంలో రెండు మూడు రోజులు ఉంచితే, ఆ ఒక్కొక్కటి లక్షలుగా పెరిగి చిన్న చుక్కగా కనిపిస్తుంది. చుక్కలోని సంతానమంతా ఒకే బాక్టీరియాది. మనం వెతుకుతున్నది దొరికితే ఆ చుక్క పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ, జిగురుగా ఉంటుంది.

(ఆ జిగురు మీకు కొత్తది కాదు. ఈ బాక్టీరియాకు దగ్గరి చుట్టం, క్యాబేజీని పట్టేది, విడిచే జిగురునే క్జాంథన్ గమ్ పేరుతో సాసుల్లో, ఐస్‌క్రీముల్లో చిక్కదనం కోసం కలుపుతారు. సీసా మీది చీటీ చదవండి.)

తర్వాత ఆ చుక్కను నీటిలో కలిపి, మిల్లీలీటరుకు పది కోట్ల వరకు ఉండేలా చేసి, ఆరోగ్యంగా ఉన్న మిరప మొక్కల మీద చల్లుతారు. తేమ ఆరకుండా ఒకటి రెండు రోజులు ప్లాస్టిక్ సంచి తొడుగుతారు. పక్కన మరికొన్ని మొక్కలకు ఉత్త నీళ్లు చల్లి, వాటికీ సంచి తొడుగుతారు. మన రెండో గిన్నె అది. వారం పది రోజుల్లో మొదటి మొక్కల మీద అవే నానిన మచ్చలు తేలి, నీళ్లు చల్లినవి శుభ్రంగా ఉండి, కొత్త మచ్చల్లోంచి మళ్లీ అదే పసుపు చుక్క పళ్లెంలో మొలిస్తే రుజువు పూర్తయినట్టు.

పసుపు చుక్కలన్నీ ఒకటి కావు

మధ్యలో ఒక మెలిక దాటేశాను. ఆకుల మీద బతికే అమాయక బాక్టీరియాలో కూడా పసుపు చుక్కలు కట్టేవి ఉన్నాయి. ప్రతి చుక్కనూ మొక్కలకెక్కించి వారం ఆగాలంటే పని తెమలదు. అందుకే ముందే వడపోసే చిట్కాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది అరనిమిషం పని. గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ బొట్టు వేసి, అందులో చుక్కను పుల్లతో కలిపి మెల్లగా పైకెత్తుతారు. తీగ సాగితే అది గ్రామ్ నెగటివ్, అంటే పలుచని గోడ ఉన్న రకం. ఆ గోడ పగిలి, లోపలి డీఎన్‌ఏ బయటపడి అలా సాగుతుంది. మందపాటి గోడ ఉన్న బాక్టీరియా సాగదు. మన దోషి సాగుతుంది.

రెండోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. హంగరీ శాస్త్రవేత్త జోల్తాన్ క్లెమెంట్ 1963లో ప్రకటించాడు. బాక్టీరియా కలిపిన నీటిని సిరంజితో పొగాకు ఆకులోకి ఎక్కిస్తారు. అమాయక బాక్టీరియా అయితే ఏమీ జరగదు. వేరే మొక్కకు తెగులు తెచ్చే బాక్టీరియా అయితే, ఒక్కరోజులో ఆ చోటు ఎండి కాగితంలా అవుతుంది. ఆకు ఓడిపోయిందనుకోకండి. శత్రువును గుర్తుపట్టి, అది పాకకుండా ఆ చోట తన కణాలను తానే చంపుకుంది.

మూడోది పేరు తేల్చడం. 1921లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త ఎథెల్ డాయిడ్జ్ టమాటా మీద ఈ బాక్టీరియాను వర్ణించి బాక్టీరియమ్ వెసికటోరియమ్ అన్నది. ఆ దేశంలో డాక్టరేటు పొందిన మొదటి మహిళ ఆమె. 1939లో డౌసన్ ఇలాంటి పసుపు బాక్టీరియాకు క్జాంథోమోనాస్ అనే ఇంటిపేరు పెట్టాడు. చాలాకాలం టమాటా, మిరపల ఆకుమచ్చ అంతా ఒకే జాతి పని అనుకున్నారు. 2004లో జోన్స్ బృందం దాన్ని నాలుగు జాతులుగా విడదీసింది. మిరప మీద ఎక్కువగా కనిపించేది క్జాంథోమోనాస్ యూవెసికటోరియా. పిండిపదార్థం కలిపిన పళ్లెంలో పెంచి అయోడిన్ పోస్తే నాలుగింటిలో రెండు పిండిని అరిగించి చుట్టూ తెల్లటి వలయం చూపిస్తాయి. మిరప జాతి సాధారణంగా చూపించదు. ఆఖరి మాట డీఎన్‌ఏది. బాక్టీరియాను గుర్తించడానికి మామూలుగా చదివే 16ఎస్ జన్యువు, 1,500 అక్షరాలకు అటూఇటూ ఉంటుంది, క్జాంథోమోనాస్ కుటుంబమని చెబుతుందే గానీ అన్నదమ్ములను విడదీయలేదు. అందుకు వేరే జన్యువులు చదవాలి. 16ఎస్ ఒక్కటి చదివేసి జాతి పేరు రాసేసే నివేదికలను అనుమానంగానే చూడాలి.

ఆకు లోపల ఏం చేస్తుంది?

దోషి దొరికాక, అది తప్పు ఎలా చేసిందన్న ప్రశ్న మిగులుతుంది. వానచినుకుతో పాటు ఎగిరి, ఆకు ఊపిరి రంధ్రాల్లోంచి దూరిన బాక్టీరియా, సన్నని సూదిలాంటి నిర్మాణంతో తన ప్రొటీన్లను మిరప కణంలోకి ఎక్కిస్తుంది. వాటిలో ఒకటి ఏవీఆర్‌బీఎస్3. దాని జన్యువును 1989లో ఉల్లా బోనాస్, రాబర్ట్ స్టాల్, బ్రయాన్ స్టాస్కవిచ్ వెల్లడించారు. ఇది నేరుగా మొక్క కణకేంద్రకంలోకి వెళ్లి, డీఎన్‌ఏ మీద ఒక నిర్ణీత చోట కూర్చుని, బాక్టీరియాకు పనికొచ్చే జన్యువులను తెరుస్తుంది. మొక్క కణాలు ఉబ్బిపోతాయి.

కొన్ని మిరప రకాలు దీనికి ఎదురు ఎత్తు వేశాయి. వాటిలో బీఎస్3 అనే జన్యువు ముందు భాగం సరిగ్గా ఆ ప్రొటీన్ కూర్చునే చోటులా ఉంటుంది. మోసపోయిన ప్రొటీన్ దాన్ని తెరుస్తుంది. తెరిచీ తెరవగానే ఆ కణం చచ్చిపోతుంది, బాక్టీరియాకు మేత ఆగిపోతుంది. పొగాకు ఆకులో చూసింది ఇలాంటిదే.

ఈ ప్రొటీన్ డీఎన్‌ఏ అక్షరాలను ఎలా చదువుతుందో 2009లో రెండు బృందాలు విప్పాయి. అందులో వరుసగా వచ్చే తునకల్లో ప్రతి ఒక్కటి ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటుంది. తునకల వరుస మార్చి, కోరిన చోట జన్యువును కత్తిరించే టాలెన్ అనే పనిముట్లు తయారుచేశారు. 2015లో లండన్‌లో రక్తక్యాన్సరుతో ఉన్న ఒక పసిపాపకు ఇలా సవరించిన కణాలతో చికిత్స చేశారు. మిరపాకు మీది మచ్చ దగ్గర మొదలైన ప్రశ్న అంత దూరం వెళ్లింది.

మన హైదరాబాదులోనూ ఈ క్జాంథోమోనాస్ కుటుంబం మీద గట్టి పని జరిగింది, మిరపలో కాదు, వరిలో. వరి ఆకుఎండు తెగులు తెచ్చేది క్జాంథోమోనాస్ ఒరైజే. అది వరి మొక్క చక్కెరను బయటికి వదిలే జన్యువును తెరిచి, ఆ చక్కెర తాగి బతుకుతుంది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబమసూరిలోకి మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా చేర్చి, 2008లో మెరుగైన సాంబమసూరిని తెచ్చాయి. ఆ మూడింటిలో ఒకటి ఈ చక్కెర జన్యువు తలుపునే మార్చిన రూపం. బాక్టీరియా ప్రొటీన్‌కు అక్కడ కూర్చునే చోటు దొరకదు. శత్రువు పేరు తెలియకుండా ఇలాంటి వంగడం తయారు కాదు.

పేరు తెలిస్తే ఏం చేస్తాం?

బాక్టీరియా అని తేలితే బూజు మందులు, పురుగు మందులు చాలావరకు దండగ. అలాగని స్ట్రెప్టోమైసిన్ ఉండే స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొట్లం వెతుక్కోకండి. అమెరికాలో ఫ్లోరిడా తోటల్లో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని ఆకుమచ్చ బాక్టీరియా 1962కే నమోదైంది. మనుషుల క్షయకు వాడిన మందును తోటల మీద చల్లితే, మొండికేసిన బాక్టీరియా మిరప దగ్గరే ఆగుతుందన్న పూచీ లేదు. మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను సాగు నుంచి తప్పించాలని 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. రాగి మందులు కొంత అడ్డుకుంటాయి, అవీ తెగులు పాకకముందే. రాగికి అలవాటుపడిన రకాలు 1983లోనే బయటపడ్డాయి.

ఎక్కువ ఫలితం ఇచ్చేది విత్తనం దగ్గర జాగ్రత్త. ఈ బాక్టీరియా విత్తనం మీద ఎక్కి ఊళ్లూ దేశాలూ తిరుగుతుంది. మచ్చకాయల నుంచి విత్తనం తీయకూడదు. సుమారు 50 డిగ్రీల వేడినీటిలో అరగంట ఉంచితే బాక్టీరియా చాలావరకు చస్తుంది, కానీ థర్మామీటరు లేకుండా అంచనాతో చేస్తే విత్తనమే చస్తుంది. కుండీల్లో అయితే ఆకుల మీద నీళ్లు చిలకరించకుండా మొదట్లో పోయండి, తడి ఆకులను ముట్టుకోకండి, మచ్చ పడిన ఆకులను తుంచి దూరంగా పారేయండి.

అనుమానం తీరకపోతే ఆకును చూపించండి. కంచన్‌బాగ్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వెళ్తే రాజేంద్రనగర్. వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ అక్కడే ఉన్నాయి. ఎండిపోయిన ఆకులు కాకుండా, అప్పుడే మచ్చ మొదలైనవి తీసుకెళ్లండి. తడి తుడిచి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టండి. మందు కొట్టకముందే వెళ్లండి, కొట్టాక పళ్లెంలో ఏమీ మొలవకపోవచ్చు.